కొలత ఎక్కడినుంచి

అక్క పెళ్లయ్యేవరకు మా ఇంట్లో ఎవరూ సముద్రం చూడలేదు. బావది గుంతకల్లులో రైల్వే ఉద్యోగం. సొంతూరు మాత్రం నెల్లూరు అవతల, సముద్రం ఒడ్డున. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో ఒకసారి, ఆ ఊరి ఇంట్లో వంటగది అలలకు కూలిపోయిందని అక్క ఫోన్ చేసింది. ముదిగుబ్బ నుంచి నాయనా నేనూ బయల్దేరాం. మా ఊళ్లో పొలం గట్టు తగాదా వస్తే కొలిచి తేల్చేది నాయనే. అక్కడా తన అవసరం ఉంటుందనుకున్నాడు.

వెళ్లి చూస్తే వంటగది ఉన్నచోట తడి ఇసుక మిగిలింది. బావ వాళ్లమ్మ వసారాలో కిరసనాయిలు స్టవ్వు మీద వండుతోంది.

"ఇటుపక్కన కట్టుకుందామంటే ఒప్పుకోవట్లేదు అన్నయ్యగారూ," అంది. "సముద్రానికి ఇంత దగ్గర్లో కట్టకూడదంట. చట్టమంట."

"ఇల్లు కట్టినప్పుడు అడ్డం రాలేదా ఆ చట్టం?"

"అప్పుడు సముద్రం ఇక్కడెక్కడుందీ? సరుగుడు తోట దాటి పోతేగానీ నీళ్లు కనపడేవి కాదు."

నాయన ఆమె వంకా, నీళ్ల వంకా మార్చి మార్చి చూశాడు. తోట ఆనవాలే లేదు.

మర్నాడు మండలాఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి ఓపిగ్గానే చెప్పాడు. పోటు సమయంలో నీళ్లు ఎంతదాకా వస్తాయో అదే గీత. ఆ గీత నుంచి రెండొందల మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు. ఉన్నదాన్ని బాగుచేసుకోవచ్చు.

"మేమూ బాగుచేసుకుంటామనే అడుగుతాండామప్పా," అన్నాడు నాయన.

"పాత పునాది మీదైతే బాగుచేయడం. పక్కన కడితే కొత్తదవుతుందండీ."

"పాత పునాది సముద్రంలో ఉండాది కదా!"

ఆయన తల గోక్కున్నాడు. నాయన వదల్లేదు.

"మేము యాడికీ జరగలేదు. సముద్రమే జరిగింది. మా పక్క గట్టు జరిపినోణ్ణి పిలిపించి అడుగుతాము. ఈడ ఎవర్ని అడగాల?"

ఆయన నవ్వలేదు. "మ్యాపులో చూస్తే గీత ఒకచోట ఉంది. వెళ్లి చూస్తే ఇంకోచోట ఉంది. జిల్లా ఆఫీసులో కనుక్కోండి," అన్నాడు.

జిల్లా ఆఫీసులో ఒకరు కట్టుకోవచ్చన్నారు, పక్క గదిలో ఇంకొకరు కుదరదన్నారు. ఒడ్డును కాపాడటానికే ఈ చట్టమని కూడా చెప్పారు. విన్నంతసేపూ ఇద్దరిదీ సబబే అనిపించింది నాకు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీదో తెలియలేదు.

సాయంత్రం నాయన ఒడ్డున చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఏడు మా చేలో చెనిక్కాయ పంట వానల్లేక పూత మీదే ఎండిపోయింది. "ఇన్ని నీళ్లుండాయి. ఒక్క చెట్టుకు పనికిరావు," అన్నాడు. నీళ్లు చూసి సంతోషించాలో భయపడాలో మా ఇద్దరికీ తెలిసినట్టు లేదు.

బావ చివరికి తాటాకుల పాక వేశాడు. వేసుకోమని ఎవరూ అనలేదు, పీకేయమనీ అనలేదు. కొన్నాళ్లకు పాకతో పాటు ఇల్లూ పోయింది. బావ వాళ్లమ్మ గుంతకల్లు రైల్వే క్వార్టర్సుకు వచ్చేసింది. అక్కడ కుళాయి వచ్చే రోజు దొరికిన ప్రతి గిన్నెలోనూ నీళ్లు పట్టిపెట్టేది.

ఒకసారి నేను వెళ్లినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"నీళ్ల కింద ఉన్నా ఆ స్థలం మాదేనా బాబూ?"

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. తెలియదన్నాను. తర్వాత ఒకరిద్దరు ప్లీడర్లను కూడా అడిగాను. నీళ్లు కప్పేసిన నేల సర్కారుదవుతుందన్నారు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో అర్థం కాక ఊరుకున్నాను.