మారానా, మానానా

ఆ రోజుల్లో, అంటే పెళ్లయిన కొత్తలో, నేను పోగొట్టుకున్నవన్నీ ఇప్పుడు వరసగా లెక్క వేస్తే ఇవి తేలుతున్నాయి: వెనక్కి వాలినా కిర్రుమనని కుర్చీ ఒకటి, కిటికీ పక్కన బల్ల ఒకటి, వాడుకోకుండా కూడబెట్టిన సెలవులు తొమ్మిది, కాఫీ మెషీన్ దగ్గర నాతో వాదన పెట్టుకోవడానికి రోజూ ఎదురుచూసే మనిషి ఒకరు, మొగుడు ఒకడు, అక్షరం ఒకటి. మొదటి నాలుగూ పాత ఉద్యోగంతో పోయాయి. మొగుడు పోయినట్టే పోయి దక్కాడు (ఈ వాక్యం మా అత్తగారి కంట పడకుండా చూడాలి). అక్షరం మాత్రం న్యూజెర్సీకీ కాకినాడకీ మధ్య ఎక్కడో సముద్రంలో పడిపోయింది.

నేను పదిహేనో ఏట మా నాన్నగారితో అమెరికా వచ్చి, ఇక్కడే పౌరురాలినయ్యాను. అకౌంట్లు ఎవరి దగ్గరా చదువుకోలేదు. కాలేజీ రోజుల్లో ఒక ఇండియన్ కిరాణా కొట్టులో కౌంటర్ వెనక నిలబడి, కందిపప్పు బస్తాల రాకపోకలు రాస్తూ నేర్చుకున్నదే నా విద్య. దానితోనే ఒక మందుల గోడౌన్ ఆఫీసులో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం సంపాదించాను. న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. పెళ్లి కాకినాడలో జరిగింది. మా ఆయన అక్కడ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. మూడు వారాలు కాపురం చేసి నేను తిరిగొచ్చి, ఆయన్ని తెచ్చుకోవడానికి స్పాన్సర్‌గా అప్లికేషన్ పెట్టాను. మా వైపు ఆడపిల్లలు మొగుడి వీసా మీద రావడమే అలవాటు గనక, మొగుడిని తెప్పించుకునే పెళ్లాం అందరికీ వింతగా ఉండేది. కాకినాడలో ఆయన స్నేహితులు నన్ను 'స్పాన్సరమ్మ' అనేవారట.

స్పాన్సర్‌కి ఒక షరతు ఉంది. తెచ్చుకునే మనిషిని పోషించగలనని చూపించాలి. కుటుంబంలో ఇంతమందికి ఇంత ఆదాయం అని సర్కారువాళ్లు ఒక గీత గీస్తారు, మన జీతం దానికి పైన ఉండాలి. నా జీతం పైనే ఉండేది, కానీ గీత మీద చీమ నిలబడినంత ఎత్తున. ఎవరైనా గట్టిగా ఊదితే కింద పడేట్టు ఉండేది. ముంబైలో ఆయన వీసా ఇంటర్వ్యూకి నెలన్నర ఉందనగా, మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో మరో కంపెనీ ఇంతకంటే మంచి జీతానికి పిలిచింది. పాత జీతం, కొత్త జీతం, ఇంటర్వ్యూ నాటికి చేతికొచ్చే పే స్టబ్‌లు (జీతం రసీదులు), కంపెనీవాళ్లు ఇవ్వాల్సిన ఉత్తరం, అన్నీ అటూ ఇటూ వేసి చూసి మారడమే మంచిదని తేల్చాను. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఇప్పటికీ చూపిస్తాను, కావాలంటే.

కొత్త ఆఫీసులో మొదటిరోజు లంచ్ టైములో పార్కింగ్ లాట్‌లో నిలబడి ఆయనకి ఫోన్ చేశాను. ముందే చెబితే వద్దంటారేమోనని, అయిపోయాకే చెబుతున్నానన్నమాట. ఆయన సిగ్నల్ కోసం మేడ ఎక్కారు. ఆ మేడ మీద గాలి ఫోన్‌లో కూడా వినిపించేది.

"ఏవండీ, ఉద్యోగం మారాను!"

"ఆఁ? మానావా?"

ఆ గాలిలో నాకది 'మారావా' అనే వినిపించింది. "అవునండీ. కంగారుపడకండి, అన్నీ లెక్క వేసుకునే చేశాను."

"మరి మన అప్లికేషన్?"

"దాని కోసమే కదా చేసింది!"

అవతల ఆయన ఏదో గొణిగారు. పాపం, సంతోషంతో మాట తడబడుతోందనుకున్నాను. ఇంతలో లైను కట్ అయింది. ర అనే అక్షరం పోయి, దాని స్థానంలో న కూర్చుంది. మారిన పెళ్లాం కాస్తా మానేసిన పెళ్లామైంది. ఈ సంగతి నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

మా ఆయన మెత్తని మనిషి. పుండు మీద కారం చల్లినట్టవుతుందని ఆ తర్వాత నా దగ్గర ఉద్యోగం ఊసే ఎత్తలేదు. నేనేమో కొత్తచోట పని ఊపిరాడకుండా ఉండి, రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేదాన్ని. ఒకసారి ఆయన "ఎలా గడుస్తోంది?" అని అడిగితే "హాయిగా ఉందండీ, కారు కూడా తియ్యడం లేదు, నడిచే తిరుగుతున్నా" అన్నాను. కారు అమ్మేశాననుకుని ఆయన ఆ పూట అన్నం తినలేదట. మర్నాడే అమెరికాలోనే నేపర్‌విల్‌లో ఉన్న వాళ్ల పెదనాన్నగారి అబ్బాయికి, అంటే నాకు బావగారికి, ఫోన్ చేసి గోడు చెప్పుకున్నారు. నా ఒక్కదాని ఆదాయం చాలకపోతే ఇంకొకరు తోడు స్పాన్సర్‌గా సంతకం చేయవచ్చు. ఆ సాయం అడిగారు. బావగారు వాళ్లావిడకి చెప్పారు. వాళ్లావిడ, హాస్టల్‌లో తనతో కలిసి చదువుకున్న ఒకావిడకి చెప్పింది. ఆ ఒకావిడే సరిగ్గా మా పై అంతస్తులో ఉండే వరంగల్ అక్క.

ఆ సాయంత్రం అక్క రెండు డబ్బాలతో తలుపు కొట్టింది. ఒకదాంట్లో వంకాయ కూర, ఒకదాంట్లో పచ్చిపులుసు.

"ఏం పరేషాన్ కాకు చెల్లె. అందరికి అయితది."

కొత్త ఉద్యోగానికి అభినందనలు చెప్పడానికి వచ్చిందనుకున్నాను. "థాంక్స్ అక్కా. అప్పుడే మీకెలా తెలిసింది?"

"తెల్వకుంట ఉంటదా? మా ఆయనకు సుత పోయినేడు ఇట్లనే అయింది. మొదట్ల నిద్ర పట్టకపోయేది. మల్ల అలవాటైపోయింది."

"నాకూ నిద్ర సరిగ్గా లేదక్కా. పొద్దున్నే లేవాలి కదా."

"లేసి ఏం చేస్తవ్? మంచిగ పండుకో."

"పడుకుంటే ఊరుకుంటారా వాళ్లు?"

"ఎవరు ఊకోరు? అద్దె అడిగేటోళ్లా? నేను మాట్లాడ్త."

నేను పడీపడీ నవ్వాను. అక్క నా తల నిమిరి, కళ్లు తుడుచుకుంటూ పైకి వెళ్లింది. (నవ్వుతూ బాధ దిగమింగుతోంది పిల్ల, అని అందరికీ చెప్పిందట.) అక్కడి నుంచి మొదలు. పక్క బిల్డింగ్ వాళ్లు పప్పు, ఎదురింటివాళ్లు చపాతీలు, పేరు కూడా తెలియని ఒక ఆంటీ సున్నుండలు. అమెరికాలో ఉద్యోగం మారితే ఇంత మర్యాద చేస్తారని తెలిస్తే ముందే రెండుసార్లు మారేదాన్ని కదా అనుకున్నాను. మా ఇళ్లల్లో డబ్బా ఖాళీగా తిరిగివ్వకూడదు, ఏదో ఒకటి వేసి ఇవ్వాలి. వండే తీరిక లేక, కడిగి అలమారలో పేర్చేదాన్ని. మూడో వారానికి డబ్బాలు పద్నాలుగు అయ్యాయి.

ఇంటర్వ్యూకి రెండు వారాలుందనగా ఒక ఉదయం మా ఆయన ఫోన్ చేశారు. గొంతు అదోలా ఉంది.

"ఒక మాట చెప్తాను, కోప్పడవుగా?"

"చెప్పండి."

"నువ్వే ఇక్కడికి వచ్చెయ్. నా జీతంలో ఇద్దరం బతకొచ్చు. లెక్క వేశాను."

"మీరు లెక్క వేశారా?"

"అద్దె లేదుగా, ఇల్లు మనదే. కూరలు, పాలు, కరెంటు. నెలకో చీర కూడా కొనచ్చు నీకు. అక్కడికి రావడానికని కాలేజీలో ఇచ్చిన రాజీనామా కూడా వెనక్కి తీసేసుకున్నాను."

ఏడాదిన్నరగా కాగితం మీద కాగితం పెట్టి, ఫీజు మీద ఫీజు కట్టి ఎదురుచూస్తున్న మనిషి ఇక రాడన్నమాట. నేను కోపం వస్తే ఏడుస్తాను, ఏడుపొస్తే అరుస్తాను. ఆ రోజు రెండూ ఒకేసారి జరిగాయి.

"రావడం ఇష్టం లేకపోతే సూటిగా చెప్పండి! గ్యాస్ సిలిండర్ ఖర్చు కలపడం కూడా మర్చిపోయారు, ఇదీ మీ లెక్క!"

"ఇష్టం లేక కాదే, నీకు కష్టమని..."

"నాకేం కష్టం? నేను బంగారంలా ఉన్నాను!" అని పెట్టేశాను. తర్వాత రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. తినాలనిపించలేదు. ఫ్రిజ్‌లో అన్నేసి కూరలుండి పస్తులున్న ఘనత నాదే.

శనివారం పొద్దున నేపర్‌విల్ బావగారు ఫోన్ చేశారు.

"అమ్మా, నేను సంతకం పెట్టేస్తున్నాను. నువ్వేం మొహమాటపడకు."

"దేనికి బావగారూ?"

"వాడి స్పాన్సర్‌షిప్‌కి. వాడు నీకు చెప్పొద్దన్నాడు, బాధపడతావని. కానీ పెట్టేముందు నీతో ఒక మాట అనకపోతే బాగోదు కదా."

"స్పాన్సర్‌ని నేనున్నాగా?"

"నువ్వున్నావు తల్లీ, ఉద్యోగం లేదుగా."

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావటగా, మానేశానని. ప్లెయిన్స్‌బరో అంతా తెలుసు కదమ్మా. కూరలు అందుతున్నాయా?"

అలమారలో ఉన్న పద్నాలుగు డబ్బాల వంక చూశాను. అక్క కళ్లు ఎందుకు తుడుచుకుందో, మా ఆయన ఉద్యోగం ఊసు ఎందుకు ఎత్తడం లేదో, అన్నీ ఒక్క నిమిషంలో లెక్కకొచ్చాయి. కాకినాడకి ఫోన్ చేశాను. మొదటి రింగ్‌కే ఎత్తారు.

"ఆ రోజు నేనేమన్నానండీ?"

"ఉద్యోగం మానానన్నావు."

"మారానన్నాను!"

"అదే, మానావుగా."

"మా-రా-ను. రాజమండ్రి ర!"

"నెల్లూరు న కాదా?"

"నెల్లూరు ఎందుకొస్తుంది మధ్యలో!"

వెనక నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది. "ఏమిట్రా? రాజమండ్రిలో వచ్చిందా అమ్మాయికి ఉద్యోగం? నే చెప్పలా, దేవుడున్నాడని!"

మా ఆయన చాలాసేపు నవ్వారు. నవ్వు ఆగాక, నెమ్మదిగా "మరి కారు?" అని అడిగారు.

సోమవారం ఆయన మళ్లీ రాజీనామా ఇస్తే, సంగతంతా విన్న ప్రిన్సిపాల్ "మాస్టారూ, ఇంతకీ మీరు మారుతున్నారా, మానుతున్నారా?" అని అడిగాడట. కొత్త కంపెనీ ఉత్తరం, చేతికొచ్చిన పే స్టబ్‌లు అన్నీ నేను పంపాను. ముంబైలో అద్దం అవతల ఆఫీసరమ్మ "మీ ఆవిడ ఈమధ్యే ఉద్యోగం మారినట్టున్నారే?" అనగానే మా ఆయన ముందుకు వంగి, "అవును మేడమ్, మారింది. మానలేదు. మారింది" అన్నారట ఇంగ్లీషులో. ఆవిడ "మొదటిసారే అర్థమైంది" అని నవ్వి, వీసా ఇచ్చేసింది.

వరంగల్ అక్కకి నిజం చెప్పడానికి నాకు రెండు రోజుల ధైర్యం కావలసి వచ్చింది. విని, నడుం మీద చెయ్యి వేసుకుని, "అయితే మా వంకాయ కూర మాకిచ్చెయ్" అంది. ఆమె నవ్వు కింది అంతస్తు దాకా వినిపించింది.

మా ఆయన వచ్చారు. వచ్చి, నాలుగు నెలలు ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నారు. నిజంగా మానేసినవాడు చివరికి ఆయనే. ఆ నాలుగు నెలల్లో వంట నేర్చుకుని, పులిహోర, పెసరపప్పు పాయసం, కాస్త మాడిన గారెలు వేసి, ఒక్కొక్క డబ్బానే ఇంటింటికీ తిరిగి ఇచ్చి వచ్చారు. అలాగే ఆయనకి ఊరంతా చుట్టాలయ్యారు. పన్నెండు డబ్బాలు తీరాయి. అక్కవి తీరేలోగా వాళ్లు ట్రాయ్ అనే ఊరికి మారిపోయారు. ఆ రెండింటినీ పులిహోరతో నింపి, పది గంటలు డ్రైవ్ చేసి వెళ్లి ఇచ్చాం. బయల్దేరేటప్పుడు అక్క అవే డబ్బాల్లో గోంగూర పెట్టి మా కార్‌లో పెట్టింది. "ఖాళీగ పంపుతరా చెల్లె?"

అప్పటి నుంచీ ప్రతి రెండేళ్లకోసారి ఆ డబ్బాలు నిండుగా వెళుతున్నాయి, నిండుగా తిరిగొస్తున్నాయి. అన్నీ ముందే లెక్క వేసుకుని బతికేయచ్చనుకున్న ఆ పార్కింగ్ లాట్ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది. ఈ ఖాతా ఎలా మూయాలో ఆ పిల్లకే కాదు, ఇన్నేళ్ల అనుభవమున్న నాకూ తెలియదు. మొన్న కూడా లెక్క సర్ది చూశాను. నేటికి బాకీ: రెండు డబ్బాలు.