అనిత ఏ భాషలో మాట్లాడుతుంది?

ఈ రోజు ప్రత్యేక తెలంగాణ కోసం కురవి రోడ్డు మీద వంటా వార్పు నిరసన. సమ్మెలో ఉన్న టీచర్లమంతా ఉల్లిగడ్డలు కోస్తుంటే, మా ఒకటో తరగతి అనితను వెంటబెట్టుకుని వాళ్ళమ్మ తండా నుంచి వచ్చింది. డప్పు మోగగానే పిల్ల చెవులు మూసుకుని కూలబడింది. డప్పు ఆగాక విస్తరాకులు తీసి వరసగా పేర్చడం మొదలుపెట్టింది. పేరు పెట్టి పిలిస్తే తల కూడా తిప్పలేదు.

"మేడం, బడిల తెలుగు మంచిగ మాట్లాడుతదా?" తల్లి ఆశగా అడిగింది.

"ఏడ మాట్లాడుతది? ఇంట్ల మీ లంబాడీ మాట్లాడుతది గద?"

"లేదు మేడం. బడిల తెలుగు అలవాటయి మాతోని మాట్లాడతలేదనుకున్న."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"చెవులు మంచిగ వినిపిస్తయా?" అన్నాను.

"చాక్లెట్ కాయితం చప్పుడైతే యాడున్నా ఉరికొస్తది."

శిక్షణలో ఆటిజం గురించి విన్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తేల్చాల్సింది డాక్టరే. సమ్మె అయిపోయి బస్సులు నడవగానే వరంగల్ దవాఖానకు పోదామన్నాను.

"బస్సులదాక ఎందుకు మేడం? రేపే ఆటోల పోదాం" అందామె.

మన తెలంగాణ మాటను వెక్కిరిస్తున్నారని రోడ్డెక్కిన టీచర్లం మనం. ఈ పిల్లకు మాట ఎందుకు రాలేదో మాత్రం ఇన్నాళ్ళూ ఎవరమూ అడగలేదు. మీ తరగతిలోనూ "తెలుగు రాదు, అందుకే మాట్లాడదు" అని వదిలేసిన పిల్లలున్నారా? ఉంటే సమ్మె అయ్యేదాకా ఆగకండి, ఇంట్లోనైనా మాట్లాడతారా అని వాళ్ళమ్మను అడగండి.