ఎస్టీడీ బూత్‌లో రెండో లైను

పోయిన నెల అనంతపురంలో మా అక్క కూతురి ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ మేడమీది గదిలోకి అద్దెకు వచ్చిన ఒక అమ్మాయి, సామాను విప్పకముందే ఫోన్ పట్టుకుని గోడల వెంట తిరుగుతూ, నెట్ ఏ మూల బాగా అందుతుందో చూసుకుని అక్కడే బల్ల వేయించుకుంది. ఏ ఊళ్ళో ఉన్నా అదే ఉద్యోగమట, కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు ఇంకెక్కడో. ఆమెను చూస్తుంటే ఇన్నేళ్ళుగా నేనెవరికీ చెప్పని సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. ఫోన్ కోసం బూత్ ముందు కాచుకున్న మన వయసువాళ్ళకైతే అర్థమవుతుందని రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరులో ఒక కంపెనీలో, విదేశీ డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు విని టైపు చేసేదాన్ని. ఒక మధ్యాహ్నం మా ఆయన తన ఆఫీసులోనే కుప్పకూలాడు. కబురంది నేను ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నుంచి నాలో ఏదో ఆగిపోయింది, ఏడుపు కూడా రాలేదు. ఊరికి వెళ్ళిపోతానంటే కంపెనీవాళ్ళు అక్కడి నుంచే పని చేయమన్నారు. ఉదయం ఫైళ్ళు దించుకుని మధ్యాహ్నం ఒంటిగంటలోపు తిరిగి పంపాలి, ఆలస్యమైతే పని ఇంకొకరికి పోతుంది. అలా కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టుకుని ఉరవకొండలో అక్క ఇంటికి చేరాను.

అప్పట్లో ఇలాంటి పనికి చోటు వెతుక్కోవడమే ఒక పెద్ద పని. అక్క ఇంట్లో ఫోన్ లేదు, పగటిపూట కరెంటు ఉండేది కాదు. బస్టాండు దగ్గరి నెట్ సెంటర్లో ప్లైవుడ్ అరల మధ్య కూర్చుంటే పక్క అరలోంచి సినిమా పాటలు వినిపించేవి. ఆ గోలలో డాక్టరు ఎక్కువన్నాడో తక్కువన్నాడో తెలియక, ఒక రోగి బీపీని తలకిందులుగా టైపు చేసి చీవాట్లు తిన్నాను. మా బావకు తెలిసినవాళ్ళ చెనక్కాయల మిల్లు ఆఫీసులో ఫోన్ ఉందంటే అక్కడికి మారాను గాని, పొట్టు దుమ్ము కీబోర్డులో దూరి సగం అక్షరాలు పడేవి కావు. చివరికి మా నాయన స్నేహితుడు, పోస్టాఫీసులో రిటైరై ఎస్టీడీ బూత్ పెట్టుకున్న మామ, తన బూత్‌లో ఒక మూల చూపించాడు. అక్కడ రెండు లైన్లుండేవి. మొదటిది బయటికి ఫోన్ చేసుకునేవాళ్ళకు. రెండోది బయటి నుంచి వచ్చే ఫోన్లకు. ఫైళ్ళు దించుకునేటప్పుడూ పంపేటప్పుడూ ఆ రెండోది నాకిస్తానన్నాడు. కరెంటు పోతే బ్యాటరీ కూడా ఉండేది.

"ఈడ కూచోమ్మా. నిన్నెవురూ ఏమీ అడగరు" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

ఆ ఏడు వాన పడలేదు. చేలల్లో చెనక్కాయ చెట్లు నిలువునా ఎండి, పల్లెలకు పల్లెలు బెంగళూరుకు కూలికి పోయాయి. మిగిలినవాళ్ళు బూత్‌కు వచ్చి అద్దాల గదిలో ఏడ్చేవాళ్ళు, అరిచేవాళ్ళు, కొందరు ఊరికే రిసీవర్ పట్టుకుని నిలబడేవాళ్ళు. నాకు రెండు మూరల దూరంలోనే ఇదంతా జరిగేది. నా చెవుల్లో మాత్రం ఏదో దేశపు రోగుల గుండెల, కిడ్నీల సంగతులు నడుస్తుండేవి. ఎవరి బాధా నాదాకా వచ్చేది కాదు.

బెళుగుప్ప వైపు పల్లె నుంచి ఒకామె ప్రతి గురువారం వచ్చేది. ఆమె భర్త బెంగళూరులో కట్టడాల పనిలో ఉండేవాడు, సరిగ్గా పన్నెండు గంటలకు ఆ రెండో లైనుకు ఫోన్ చేసేవాడు. ఆమె ముందుగానే వచ్చి నా పక్క స్టూలు మీద కూర్చునేది. అప్పుడప్పుడు వేయించిన చెనక్కాయలు కాసిని నా బల్ల మీద పెట్టేది. నేను ఆమె పేరైనా అడగలేదు.

గురువారాల్లో పన్నెండులోపే పంపడం ముగించేదాన్ని. ఆ గురువారం ఫైళ్ళు పెద్దవయ్యాయి.

"అక్కా, పన్నెండాయ. మా ఆయప్ప ఫోన్ చేస్తాడు, ఆ లైను ఇంత ఇడిస్తావా?" అని అడిగింది.

ఫైలు ముప్పాతిక వంతు పోయింది, మధ్యలో తెంపితే మొత్తం మళ్ళీ పంపాలి. ఆమె వైపు చూడకుండానే "ఇంకొంచెం సేపమ్మా" అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. ఈసారి నేను జవాబే చెప్పలేదు.

"యాడికొచ్చిందమ్మా? ఆయమ్మ కాసుకోనుండాది" అన్నాడు మామ.

"తెంపితే మొదట్నుంచి పంపాల మామా" అన్నాను. అరగంటకు ఫైలు పోయింది, లైను వదిలాను. ఆమె రెండు గంటల దాకా కూర్చుంది. ఫోన్ రాలేదు. నేను డబ్బా తెరిచి అన్నం తిన్నాను.

నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది, బెంగళూరు మేస్త్రీతో ఏదో మాట్లాడాలని. ఆమె ఫోన్‌లో ఉండగా మామ గొంతు తగ్గించి నాకు చెప్పాడు. ఆ గురువారం పొద్దున ఆమె భర్త గోడకు కట్టిన సారువ కొయ్యల మీద నుంచి పడ్డాడట. పన్నెండు నుంచి తోటి పనివాడు ఆసుపత్రి బయటి బూత్ నుంచి మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి, దొరక్క లోపలికి వెళ్ళిపోయాడట. ఊరికి కబురు మర్నాడు చేరింది. ఆ మనిషికి ఆ గురువారం రాత్రి పొద్దుపోయేదాకా తెలివి ఉండిందట, ఆ తర్వాతే ప్రాణం పోయిందట. మధ్యాహ్నం బస్సెక్కి ఉంటే ఆమె చూసుకుని ఉండేది.

ఆమె బయటికొచ్చి స్టూలు మీద కూర్చుంది. చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీసి, "ఆ పొద్దు లైను పెట్టుకున్నది నేనే గదమ్మా" అన్నాను.

"నువ్వేం చేస్తావక్కా, నీ పని నీది. ఎంగేజి వస్తాందని ఆ పిల్లోడు చెప్తే, నా పెండ్లాము ఆడనే కూచోనుంటాది, ఇంగోసారి చెయ్యిరా అన్న్యాడంట మా ఆయప్ప" అంది. ఆమె గొంతులో కోపం లేదు. చీర కొంగు సర్దుకుని బస్సుకు లేచి వెళ్ళింది.

ఆలస్యంగా చేరడమంటే ఏమిటో ఆ బూత్‌లో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయినా నాలో ఏమీ కదలలేదు. హెడ్‌ఫోన్లు మళ్ళీ చెవులకు తగిలించుకున్నాను, ఒంటిగంటలోపు పంపవలసిన ఫైళ్ళు ఇంకా మూడున్నాయి.

తర్వాత అక్క ఇంటికి ఫోన్ కనెక్షన్ వచ్చింది, నేను బూత్ వదిలేశాను. మామ పోయాడు, బూత్ కూడా పోయింది. ఆమెను వెతికి వెళ్ళాలని ఎప్పుడైనా అనిపించినా, పేరు తెలియని మనిషి కోసం ఏ పల్లెలో, ఎవరిని అడగాలి?

ఈనాటి పిల్లలు ఏ చెట్టు కింద కూర్చున్నా పని జరుగుతుంది, ఇంకొకరి లైనుకు అడ్డం పడే బాధ లేదు. చాలా మంచి మార్పు, మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఒక మనిషి పక్కన కూర్చుని, ఇంత వదులుతావా అని అడగవలసిన అవసరం ఇప్పుడెవరికీ రాదు. నన్ను మాత్రం ఆమె రెండుసార్లు అడిగింది.