మిషన్ మోగని వారం

కొత్తగూడెం బొగ్గుగని క్వార్టర్లలో సుమేరా ఇంటిని వెతకనక్కర్లేదు. కుట్టుమిషన్ చప్పుడు వీధి మలుపు దాకా వచ్చి పిలుచుకుపోతుంది. ఆమె వేళ్లకు ఎప్పుడూ ఏదో ఒక రంగు దారం అంటుకునే ఉంటుంది, పొద్దున్నే పూలు కోసి వచ్చినట్టు.

మొన్న వేసవిలో ఫోన్‌లో ఒక రీల్ చూసింది. "కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు మంచం దిగబుద్ధి కాదు. మీకూ ఇంతేనా? అయితే బైపోలార్!" అంది అందులో ఒక నవ్వుముఖం. సుమేరా చేతిలో సూది ఆగింది. అచ్చం తన సంగతే. ఒక వారం పాటలు పాడుకుంటూ కుడుతుంది. ఇంకో వారం మనసులో మబ్బు దిగి, ఉత్తపుణ్యానికే కన్నీళ్లొస్తాయి. ఆ రోజు నుంచి ఫోన్ ఆమెకు అవే రీల్స్ చూపించింది.

బజార్లో కిరాణా నడిపే ప్రమీల తన పక్క గదిని కిరాయికిస్తానన్నది. కుట్టు దుకాణం పెట్టుకోవాలని సుమేరా ఏళ్లుగా కోరుకున్న గది అది.

"వద్దక్కా. నాది మనసు జబ్బు. దుకాణం ఎట్ల నడుపుత?"

"ఏ డాక్టర్ చెప్పిండే?"

"ఫోన్ల చూసిన."

"నా ఫోన్ రోజూ మోకాళ్ల నూనె కొనుమంటది. నా మోకాళ్లకేమైంది? ఆదివారం దాకా చూస్త. ఆ తర్వాత గది సెల్‌ఫోన్ రిపేరాయనకు ఇచ్చేస్త."

సుమేరా మందుల షాపుకెళ్లి రీల్‌లో విన్న మాత్ర పేరు చెప్పింది. షాపు ఆదినారాయణ తల అడ్డంగా ఊపాడు. "చీటీ లేకుంటే ఇయ్యనమ్మా. జలుబు గోళీ కాదిది. దవాఖానల మనసు డాక్టరమ్మ ఉంటది, పోయి చూపించుకో."

డాక్టరమ్మ తొందరపడలేదు. నిద్ర, తిండి, ఇల్లు అన్నీ అడిగింది.

"మీ ఆయన ఏం చేస్తారు?"

"బొగ్గుబాయిల పని మేడం."

"ఈ వారం ఏ డ్యూటీ?"

"నైట్ డ్యూటీ."

"పోయినసారి దిగులేసిన వారం?"

సుమేరా ఆలోచించింది. "గప్పుడు గూడ నైట్ డ్యూటీయే."

"హుషారు వారం?"

"ఫస్ట్ షిఫ్ట్..."

డాక్టరమ్మ నవ్వింది. "ఆ జబ్బు మీ ఆయన డ్యూటీ చూసుకుని రాదమ్మా."

నైట్ డ్యూటీ వారం ఆమె భర్త రిజ్వాన్ కనురెప్పల మీద బొగ్గుపొడితో పొద్దున ఇల్లు చేరి పడుకుంటాడు. ఆ రెండు గదుల్లో పరదాలు దిగుతాయి, మిషన్ ఆగుతుంది. పగలంతా ఆమె చేతులు ఖాళీ. రాత్రి ఒంటరిగా ఉంటే నిద్ర రాదు.

"ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్లకు వైద్యం ఉంది. మీకు ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఇప్పుడు మందులొద్దు, నెలకు మళ్లీ రండి" అన్నది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి చెప్తే రిజ్వాన్ లేచి కూర్చున్నాడు. "నా నిద్ర కోసం మిషన్ బంద్ పెట్టినవా?"

"చప్పుడుకు తలకాయ నొస్తదన్నది నువ్వే గదా!"

"అది నిఖా అయిన కొత్తల! బాయి మోత విన్న చెవులకు నీ మిషన్ ఒక లెక్కనా? నడువు, ప్రమీలక్క ఆ గది ఇంకొకరికి ఇయ్యకముందే పోదాం."

ఇప్పుడు నైట్ డ్యూటీ వారంలోనూ బజార్లో మిషన్ మోగుతుంది. అప్పుడప్పుడు మబ్బు వస్తుంది, కాసేపు కూర్చుని పోతుంది. సాయంత్రం రిజ్వాన్ చెంప మీద దిండు మడతలతో చాయ్ ఫ్లాస్కు పట్టుకొస్తాడు.

"జర ఆపు, తలకాయ నొస్తది" అంటాడు స్టూలు మీద కూర్చుంటూ.

సుమేరా పాదం మరింత జోరుగా తొక్కుతుంది.