పావ్లిట్సా ఫోను పరీక్ష

ఎక్‌హార్ట్ పావ్లిట్సా తన వేలితో తాను ఆపితే తప్ప ఈ లోకంలో ఏదీ ఆగినట్టు నమ్మడు. వాన ఆగిందని ఎవరైనా అంటే "ఎవరు ఆపారు?" అని అడిగే రకం.

ఈ జబ్బు అతనికి గనిలో అంటుకుంది. జర్మనీలోని హెర్నె బొగ్గుగనిలో కరెంటు పని చేసేవాడు. అక్కడొక కట్టుబాటు ఉండేది. తీగ ముట్టుకోవాలంటే మీట నీ చేత్తో నువ్వే దించాలి, దానికి నీ తాళమే వెయ్యాలి, తాళంచెవి నీ జేబులోనే ఉండాలి. పైనున్నవాడు "ఆపేశాంలే" అని అరిస్తే నమ్మి ముట్టుకున్నవాళ్ళు పింఛను తీసుకునేదాకా ఉండేవారు కాదు. తర్వాత గని మూతపడింది, తాళాలు పోయాయి. అలవాటు మాత్రం పోక, చివరికి ఒక ఫోను మీద పడింది.

ఆ ఫోను పక్కన మూడు స్విచ్చీలున్నాయి. ఒకటి మైకుకీ కెమెరాకీ, రెండోది ఇంట్లో ఇంటర్నెట్‌కీ, మూడోది సిగ్నలుకీ. జరిపితే లోపల కనెక్షను నిజంగానే తెగిపోతుంది.

"మామూలు ఫోనులో ఏం చేస్తావు? అద్దం మీద బొమ్మ నొక్కుతావు. అది 'చిత్తం, ఆపాను' అంటుంది. దొంగ చేత తలుపు వేయించుకుని నిద్రపోతున్నావన్నమాట!" అంటాడు పావ్లిట్సా.

ఇది వినీ వినీ చెవులు గళ్ళు పడినవాడు షుక్రు తెజ్జాన్. గనిలో అతని జతగాడు. అనటోలియా కొండల్లో పల్లెబడిలో ఐదు తరగతులు చదివి, జర్మనీ వచ్చి, భూమికి కిలోమీటరు లోతున ముఠామేస్త్రీ అయిన మనిషి. షుక్రు ఎవరితో మాట మొదలుపెట్టినా రెండు నిమిషాల్లో తన ఘనకార్యాలు వరసగా వచ్చేస్తాయి: ఆ కిలోమీటరు లోతు, పావురాల పందెంలో రెగెన్స్‌బుర్గ్ నుంచి అందరికంటే ముందు ఇల్లు చేరిన తన పావురం, చదరంగంలో పళ్ళ డాక్టరుని ఓడించడం.

"ఈ ఫోను లోపలి ప్రోగ్రాము రాతంతా బహిరంగంరా. ఎవరైనా చదువుకోవచ్చు, తప్పుంటే దిద్దుకోవచ్చు," అన్నాడు పావ్లిట్సా ఒకసారి.

"నువ్వు చదివావా?"

"నాకేం అర్థమవుతుంది? చదివేవాళ్ళు లోకంలో ఉన్నారు. తాళం నేను చెయ్యకపోయినా, చేసినవాడు దాచిపెట్టలేదు. నాకది చాలు."

వీధి మొగలో ఇర్మా బడ్డీకొట్టు. బీరు, పత్రికలు, చిల్లరగా అమ్మే మిఠాయిలు, ఊరి కబుర్లు అన్నీ అక్కడే దొరుకుతాయి. ఇర్మా గొంతు తగ్గించి "మీకు తెలుసా, రొట్టెలాయన పెళ్ళాం..." అనగానే పావ్లిట్సా ఒక చెయ్యెత్తి, రెండో చెయ్యి జేబులోని ఫోను స్విచ్చి మీద పెడతాడు.

"ఆగు."

టక్.

"ఇప్పుడు చెప్పు."

"నీ గుట్టు ఎవడికి కావాలయ్యా? పొద్దున్నా బంగాళాదుంపలే, రాత్రీ బంగాళాదుంపలే. అది వినడానికి ఎవడైనా జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటాడా?"

"నా గుట్టు కాదు ఇర్మా. నోరు నీది, మైకు నా జేబులో ఉంది. నా జేబుకి నేనే కదా పూచీ!"

ఇర్మా మిఠాయిల సీసా మూత బిగించింది. "ఇంతకీ నేనేం చెప్పబోయాను?" అంది.

"రొట్టెలాయన పెళ్ళాం."

"నీ టక్కుతో మొత్తం మర్చిపోయాను, పో!"

గుట్టు సంగతి అలా ఉంచితే, ఫోనుగా ఆ ఫోను పనిచేసిన తీరు వేరే కథ. పొద్దున్న నింపిన బ్యాటరీ మధ్యాహ్నం భోజనానికి ఖాళీ. జేబులో ఉడికిన దుంపలా వేడెక్కేది. ఎవరైనా ఫోను చేస్తే అది నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, మోగుదామా వద్దా అని ఆలోచించేలోపు చేసినవాళ్ళు విసిగి పెట్టేసేవారు. "మా మామగారికి తొంభై రెండు. ఆయనే దీనికంటే నయం, పిలిస్తే లేస్తాడు," అనేది ఇర్మా.

షుక్రు పావురం గెలిచిన రోజున పత్రికకి పంపాల్సిన ఫోటో తీసే భారం పావ్లిట్సా నెత్తినేసుకున్నాడు. షుక్రు కోటు వేసుకుని, పావురాన్ని గుండెకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పావ్లిట్సా నొక్కాడు. ఫోటో నల్లగా వచ్చింది.

"ఏమిట్రా ఇది? గనిలో తీశావా?"

"కెమెరా ఆపి ఉంది. ఆగు, తీస్తున్నా."

టక్. ఈసారి బొమ్మ పడింది గాని, షుక్రు నీళ్ళలో వారం నానిన మనిషిలా పచ్చగా ఉన్నాడు. మూడోసారికి పావురం ఎగిరిపోయింది. ఆ వారం పత్రికలో ఖాళీ గూడు ఫోటో పడింది, కింద షుక్రు పేరుతో.

ఇలాంటి లోపాలన్నీ పావ్లిట్సా ఆ ఫోను తయారీలో చెయ్యి వేసేవాళ్ళకి రాసి పంపేవాడు. ఫిన్లాండులో ఒక అమ్మాయి, బ్రెజిలులో ఒకాయన జీతం లేకుండానే కూర్చుని సరిచేసేవారు. సరిచేసింది పరీక్షించాలి కదా! పరీక్షించాలంటే అవతల ఒక మనిషి కావాలి. ఆ మనిషి షుక్రు. రోజూ ఉదయం ఏడు గంటలకి షుక్రు ఇంట్లో ఫోను మోగేది.

"వినబడుతోందా?"

"వినబడుతోంది."

"ప్రతిధ్వని ఉందా?"

"లేదు."

"మొన్న ఉండేది."

"మొన్న నీ బుర్ర దగ్గరగా పెట్టుకుని మాట్లాడి ఉంటావు. బోలుగా ఉంటుందిగా."

"లేచి కూర్చున్నావా, పడుకునే మాట్లాడుతున్నావా? పడుకుంటే గొంతు వేరుగా వస్తుంది."

"కూర్చున్నాను."

"టీ తాగావా? గొంతు ఎండితే పరీక్ష తప్పుతుంది."

"తాగానురా మహానుభావా! పెట్టెయ్!"

పావ్లిట్సా పెట్టేసి, మూడో స్విచ్చి జరిపేవాడు. ఇక మర్నాటిదాకా అతన్ని ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోవాలని చూసేవాళ్ళు కూడా పెద్దగా లేరు. పెళ్ళి చేసుకోలేదు, అక్కాచెల్లెళ్ళు లేరు. ఆ ఫోనులో ఉన్నవి నాలుగే నంబర్లు: షుక్రు, ఇర్మా, డాక్టరు, గని ఆఫీసు. గని ఆఫీసు మూసేసి ఎన్నేళ్ళయినా ఆ నంబరు చెరపలేదు.

షుక్రు ఇల్లు కూడా అంతే. భార్య నెర్మిన్ పోయాక ఆ ఇంట్లో పొద్దున్న మొదట మోగేది పావ్లిట్సా ఫోను. చాలా రోజులు ఆ తర్వాత ఏదీ మోగేది కాదు. అటకమీద పావురాల దగ్గర కూర్చుని షుక్రు తన ఘనకార్యాలు వాటికే చెప్పేవాడు. అవి శ్రద్ధగా వినేవి.

నవంబరులో ఒక మధ్యాహ్నం అటక నిచ్చెన మీద కాలు జారింది. చీలమండ బెణికింది. తనే లేచి, తనే కట్టు కట్టుకుని, ఎవరికీ చెప్పలేదు. ఇర్మా ఊరుకుంటుందా? షుక్రు కుంటుతున్నాడన్న కబురు బోహుంలో నర్సుగా పనిచేస్తున్న అతని కూతురు ఫిలిజ్‌కి చేరింది. ఆ అమ్మాయి ఒక అట్టపెట్టె పట్టుకుని దిగింది. పెట్టెలో కెమెరా.

"ఇది గోడకి పెడతాను నాన్నా. డ్యూటీలో ఉన్నా నిన్ను చూసుకోవచ్చు."

"నేనేమన్నా కొట్లో సరుకునా, కెమెరా పెట్టి కాపలా కాయడానికి?"

"ఫోను చేస్తే ఎత్తవు కదా! బాగున్నావా అని మూడు రోజులు వరసగా అడిగేసరికి నా ఫోను ఎత్తడమే మానేశావు."

"కిలోమీటరు లోతున ముఠామేస్త్రీ పని చేసినవాణ్ణి. నన్ను పట్టుకుని బాగున్నావా, తిన్నావా అని హాజరు వేస్తే..."

"అయితే మా ఇంటికి వచ్చెయ్యి."

"ఐదో అంతస్తు. పావురాలో?"

"ఎవరికైనా ఇచ్చెయ్యి. కెమెరాయా, మా ఇల్లా? ఆదివారం వస్తాను, తేల్చి చెప్పు."

షుక్రు కుంటుకుంటూ పావ్లిట్సా దగ్గరికి వెళ్ళాడు. "కెమెరాలకి నీ అంత శత్రువు ఈ ఊళ్ళో లేడు. మా అమ్మాయితో వాదించరా. లేకపోతే నా గడప, నా పావురాలు రెండూ పోతాయి."

పావ్లిట్సా ఆదివారం గడ్డం గీసుకుని, టై కట్టుకుని వచ్చాడు. ఫిలిజ్ సన్నగ్లాసుల్లో టీ పోసింది. అతను గొంతు సవరించుకుని, కెమెరా ఎవరి ఇంటికి ఏం పంపుతుందో, ఆ బొమ్మలు ఏ దేశంలో ఏ పెట్టెలో పడి ఉంటాయో ఉపన్యాసం దంచాడు. ఫిలిజ్ ఓపిగ్గా వింది.

"అన్నీ నిజమే బాబాయ్. నాన్న పడిపోతే ఎవరికి తెలుస్తుంది? అది చెప్పండి. మీ ఫోనులాంటివి కబుర్లకి బాగుంటాయి. పనికొచ్చేవి కావు."

అది తగలరాని చోట తగిలింది. పావ్లిట్సా లేచి నిలబడ్డాడు.

"పనికిరాదా? నా ఫోనా? మాట గంటలా వినిపిస్తుంది! ప్రతిధ్వని లేదు! బ్యాటరీ రాత్రిదాకా వస్తుంది! పోయిన వసంతం నుంచి ఒక్క లోపం చూపించు!"

షుక్రు టీగ్లాసు బల్ల మీద పెట్టాడు.

"పోయిన వసంతం నుంచా?" అన్నాడు షుక్రు మెల్లగా.

పావ్లిట్సా కూర్చున్నాడు. ఖాళీ టీగ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

"మరి ఇవాళ పొద్దున్న ఏం పరీక్ష చేశావురా?"

"ఏం పరీక్ష?" అంది ఫిలిజ్. షుక్రు చెప్పాడు. లేచావా అంటాడు, కూర్చున్నావా అంటాడు, టీ తాగావా అంటాడు, గొంతు కోసమట. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు.

"ఎప్పటి నుంచి?"

"మీ అమ్మ పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాటి నుంచి."

ఫిలిజ్ పావ్లిట్సా వైపు తిరిగింది. "నాన్న ఎత్తకపోతే?"

"ఒక్కసారి ఎత్తలేదు. మంచు పడ్డ రోజు."

"ఆ రోజు నువ్వు ఉల్లిపాయ కోసం వచ్చావు!" అన్నాడు షుక్రు. "మంచులో, ఇంట్లో తొడిగే చెప్పులతో, రొప్పుతూ!"

"ఉల్లిపాయ నిజంగానే కావలసి వచ్చింది," అన్నాడు పావ్లిట్సా బల్ల వైపు చూస్తూ. ఖాళీ గ్లాసు పక్కకి జరిపి అన్నాడు, "గనిలోంచి పైకొచ్చినవాడు తన ఇత్తడి బిళ్ళ బోర్డుకి తగిలించి పోయేవాడు కదమ్మా. ఒక్క బిళ్ళ లేకపోయినా వెతకడానికి మనుషులు దిగేవారు. వేలమందిమి దిగాం. ఎవరి మొహానికీ ఎవరూ కెమెరా పెట్టలేదు. బిళ్ళ చూసుకునేవారు, అంతే."

"అంటే రెండేళ్ళుగా నన్ను కనిపెట్టుకుని ఉన్నావా? నన్ను? కిలోమీటరు లోతున..." అని షుక్రు అందుకున్నాడు. రెగెన్స్‌బుర్గ్ పావురం దాకా వెళ్ళలేకపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ చూడడానికేమీ లేకపోయినా చూస్తూ నిలబడ్డాడు.

ఫిలిజ్ కెమెరాని పెట్టెలో పెట్టేసింది. "ఒక షరతు బాబాయ్. నాన్న ఎత్తకపోతే వెంటనే నాకు చెయ్యాలి. నేను చేస్తే మీరు ఎత్తాలి. ఆ మూడో స్విచ్చి ఏడు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉండాలి."

పావ్లిట్సా ముఖం పాలిపోయింది. "ఎనిమిది."

"తొమ్మిది."

"ఎనిమిదిన్నర. మైకు మాత్రం ఆపి ఉంచుతాను."

"మైకు ఆపితే నాతో ఎలా మాట్లాడతారు?"

అతను ఫోను తీసి మూడు స్విచ్చీలనీ ఒకసారి తడిమి చూశాడు. "సరే, తొమ్మిది," అన్నాడు, కిడ్నీ దానమిచ్చినవాడిలా.

మర్నాడు షుక్రు ఏడుకి ముందే టీ కాచుకుని ఫోను ఎదురుగా కూర్చున్నాడు. ఏడయింది. మోగలేదు. మరి కాసేపయింది. మోగలేదు. పరీక్ష గుట్టు బయటపడింది కదా, ఇంకేం సాకు పెట్టుకుని చేస్తాడు? అటకమీద పావురాలు కూడా ఆ పూట ఎందుకో గొంతెత్తలేదు. ఆ వంటింట్లో ఇన్నాళ్ళూ ఇంత చోటు ఉందని షుక్రుకి తెలియదు.

ఫోను మోగింది. తొందర లేనట్టు నెమ్మదిగా చెయ్యి చాపబోయి, ఫోనుని ఆత్రంగా లాక్కున్నాడు.

"ఏం?"

"ఏం లేదు," అన్నాడు పావ్లిట్సా. పెట్టేస్తాడేమోనని షుక్రుకి కంగారు పుట్టింది. జన్మలో అబద్ధమాడనని అందరికీ చెప్పుకునే షుక్రు, గొంతు గంభీరంగా పెట్టి అన్నాడు:

"ఒరేయ్, నీ ఫోను మళ్ళీ పాడైంది. మాట బాల్చీలోంచి వస్తున్నట్టుంది. రేపు మళ్ళీ చేసి చూడు."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"బాల్చీయా?" అన్నాడు పావ్లిట్సా ఉత్సాహంగా. "రేకుదా, ప్లాస్టిక్‌దా?"