రోంత సూద్దాం

నంద్యాల నుంచి వచ్చే బస్సు ఆళ్లగడ్డలో శిల్పుల పాకల దగ్గరికి రాగానే కిటికీలోంచి మొదట రాతిపొడి వాసన వస్తుంది, ఆ వెనకే చప్పుడు. ఇప్పుడు ఆ చప్పుడు చాలావరకు మిషన్లదే. రాయిని కోసే చక్రం చెవిలో గీరినట్టు అరుస్తుంది. మొన్న గురువారం రోడ్డుకు అడ్డంగా గొర్రెలు వచ్చి బస్సు ఆగిపోతే, ఆ అరుపుల మధ్య ఎక్కడో ఒక ఉలి వినిపించింది. ఠణక్‌మని ఒక దెబ్బ, కొంచెం ఖాళీ, మళ్లీ ఒక దెబ్బ. ఆ ఖాళీలో నాకు ఎస్తేరక్క గొంతు వినపడింది. "రోంత సూద్దాంలే సరోజా." ఆమె పోయి ఏడేళ్లు దాటింది. నాకు డెబ్బై నాలుగు నిండాయి. ఆ మాటకు అర్థం నాకు ఒకేసారి తెలియలేదు, రెండు విడతలుగా తెలిసింది. అందుకే రాస్తున్నాను.

ఎస్తేరక్క నంద్యాలలో మా ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. సొంత ఊరు గడివేముల, సేద్యం చేసుకునే కుటుంబం. పొడుగు మనిషి. ఇస్త్రీ చేసిన నూలు చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేది. విజిల్ మెడలో కాక కొంగుకు ముడివేసుకునేది. ఆదివారం చర్చిలో ఆమె పాడితే పక్క వరుస వాళ్లు రాగం తప్పేవాళ్లు. నేను లెక్కల టీచరును. మాది నూనె అంగడి. కొలత పాత్రలోంచి చివరి చుక్క రాలేదాకా మా నాయన చెయ్యి ఎత్తేవాడు కాదు. ఆ గుణమే నాకు వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దదైన ఎస్తేరక్క నన్ను చనువుగా 'మే' అని పిలిచేది. ఇంకెవరైనా అట్లా పిలిస్తే ఒప్పుకునేదాన్ని కాదు.

నేను ఉద్యోగంలో చేరింది జూన్ పదమూడో తేదీ. జూలై అయిపోయేసరికి తొమ్మిదో తరగతి పిల్లలు లెక్కల టీచరును లెక్కచేయడం మానేశారు. నేను బోర్డు మీద రాస్తుంటే వెనక చింతకాయలు పంచుకుని తినేవాళ్లు. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను కింది తరగతులకు మార్చబోతుంటే ఎస్తేరక్క "రోంత సూద్దాం మేడం" అన్నదని అటెండరు చెప్పాడు. రోంత అంటే మా వైపు కొంచెం. సూద్దాం అంటే ఆగుదాం అని. పెళ్లిసంబంధం నచ్చకపోయినా, చందా ఇవ్వడం ఇష్టం లేకపోయినా అందరూ చెప్పే జవాబు అదే. కాబట్టి నాకు కొన్నాళ్లు గడువు దొరికిందని అనుకున్నాను. ఆ వారమంతా ఆమె నా తరగతి కిటికీ అవతల వానకు ఆగిన మనిషిలా నిలబడి ఉండేది. తరువాత ఒక మధ్యాహ్నం కుళాయి దగ్గర క్యారియరు కడుక్కుంటూ అన్నది. "నువ్వు బోర్డుకు పాఠం సెప్తాండావు మే. బోర్డుకు లెక్కలొచ్చులే. పిల్లోళ్ల పక్క తిరుగు."

తిరిగాను. నలభై జతల కళ్లను ఎదురుగా చూస్తూ పాఠం చెప్పడం మొదట్లో భయంగానే ఉండింది. కానీ ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో మొహాల్లోనే తెలిసిపోవడంతో పాఠం దారిలో పడింది. ఆమె నా కోసం ఆగింది కాబట్టి నిలదొక్కుకున్నానని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆ లెక్క సగమే సరి.

మరి కొన్నేళ్లకు ఈశ్వరి మా బడిలో ఎనిమిదో తరగతిలో చేరింది. ఆళ్లగడ్డ శిల్పి బ్రహ్మయ్య కూతురు. నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండేది. వయసుకు మించిన పొడుగు, పెద్ద చేతులు. ఎస్తేరక్క ఆ చేతులు చూసి వాలీబాల్ టీములో లిఫ్టరుగా పెట్టుకుంది. ఆ ఆట తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అవతలివాళ్లు కొట్టిన బంతిని ఒక పిల్ల ఆపుతుంది, లిఫ్టరు దాన్ని వల దగ్గర పైకి లేపి ఇస్తుంది, మూడో పిల్ల ఎగిరి కొడుతుంది. నడిమి చెయ్యి లిఫ్టరుది. ఆ చెయ్యి తప్పితే ముందరి పిల్ల శ్రమా, తరువాతి పిల్ల బలమూ రెండూ నేలపాలే. గెలిస్తే కొట్టిన పిల్ల పేరు, ఓడితే లిఫ్టరు పేరు. ఈశ్వరి ఇచ్చిన బంతులు ఎక్కడో పడేవి. కొట్టే పిల్లలు గాలిలో చెయ్యి ఊపి కిందికి దిగి ఆమె వైపు ఒక చూపు చూసేవాళ్లు. పిల్లను టీములోంచి తీసేస్తే అంతటితో అయిపోదని మాకు తెలుసు. తండ్రి ఆమెను ఇంకా నంద్యాలలో ఉంచుతున్నదే ఆట కోసం. ఆట లేకపోతే వచ్చే సెలవులకు ఇంటికి పోయిన పిల్ల తిరిగి రాదు, పాకలో విగ్రహాలకు నునుపు పెడుతూ ఉండిపోతుంది.

టీముకు స్కోరు రాసేది నేనే. ఆగస్టు చివరి శనివారం హెడ్‌మిస్ట్రెస్ గారు నా అభిప్రాయం అడిగారు. ఈశ్వరి లేపిన పది బంతుల్లో ఆరు చెడిపోతున్నాయనీ, ఇదే తీరున బాగుపడినా టోర్నమెంటు నాటికి సగం దాటదనీ, పదో తరగతి పిల్ల ఒకతె పదికి నాలుగే చెడగొడుతోందనీ చెప్పాను. ఆ లెక్క తప్పు కాదు. ఇప్పటికీ తప్పు కాదనే అంటాను. ఎస్తేరక్క నా కాగితం తీసుకుని చూసింది.

"ఎన్ని తప్పినాయో రాసినావు. యాపక్క తప్పినాయో రాసినావా?"

తప్పు తప్పే కదా, ఏ పక్కకైతే ఏమిటన్నాను.

"ఐతే రోంత సూద్దాం మేడం," అన్నది ఆమె హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు తిరిగి. ఆవిడ సెప్టెంబరు పదిహేను దాకా గడువిచ్చారు. బయట వరండాలోకి వచ్చాక ఎస్తేరక్క నా మోచెయ్యి పట్టుకుంది. "ఆమెకేమో ఆగమన్నట్ల ఇనపడె. ఆగనీలే. నువ్వు ఆగబాక మే. నువ్వు సూడు."

సోమవారం సాయంత్రం నా కుర్చీ ఎప్పుడూ ఉండే చోట లేదు. వల కట్టిన గుంజ పక్కకు మారింది. బంతిని చూడవద్దు, పిల్ల మొహం మాత్రమే చూడు అన్నది ఎస్తేరక్క. అది చెప్పినంత సులువు కాదు. బంతి లేస్తే కళ్లు దాని వెంటే పోతాయి. నా మెడను నేనే పట్టుకున్నట్టు కూర్చుని చూశాను. బంతి ఈశ్వరి వేళ్లకు తాకబోయే ముందు ఆమె రెండు కళ్లూ గట్టిగా మూసుకునేవి, గడ్డం ఒక ఇసుమంత ఎడమకు తిరిగేది. బంతి చేతులు విడిచాక కళ్లు తెరుచుకునేవి. ప్రతిసారీ అంతే. ఆ రెప్పపాటు ఆ పిల్ల మైదానంలో లేదు. చెడిన బంతులన్నీ ఎడమ పక్కకే పడుతున్నాయని కూడా అప్పుడే గమనించాను. కళ్లెందుకు మూసుకుంటున్నావని పిలిచి అడిగితే, నేను ఆమె మీద దొంగతనం మోపినట్టు చూసింది. "నేను మూయలేదు టీచర్," అన్నది. అబద్ధం కాదు. ఆమెకు తెలియదు.

తరువాతి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఆళ్లగడ్డ బస్సెక్కాం. బ్రహ్మయ్య పాకలో అమ్మవారి విగ్రహం సగం రాయిలోంచి బయటికి వచ్చి ఉంది. ఆయన కుడిచేత సుత్తి పట్టుకుని పని చేస్తుంటే, పక్కన భార్యా ఇద్దరు చిన్నపిల్లలూ కూర్చుని ఇంకో రాయికి నునుపు పెడుతున్నారు. సుత్తి లేచింది. ముగ్గురి మొహాలూ ఒక్కసారి ఎడమకు తిరిగాయి. దెబ్బ పడింది, మొహాలు మళ్లీ పని మీదికి వచ్చాయి. గాలికి వరిమడి వాలి లేచినట్టు ఉంది. వాళ్లలో ఎవరూ మాట ఆపలేదు, చెయ్యి ఆపలేదు. ఎస్తేరక్క నా చెయ్యి గిల్లింది.

పిల్లలకు ఇది ఎవరు నేర్పించారని ఆమె అడిగితే బ్రహ్మయ్య తలెత్తాడు. ఆయన ఎడమ కంట్లో తెల్లటి మచ్చ ఉంది. "నేర్పిచ్చేదేముందమ్మా. రాతిసెక్కు ఎగిరి నా కంట్లో పడినప్పుడు ఈశ్వరి సంకలో బిడ్డ. అప్పట్నించి సుత్తి లేస్తే సాలు, వాళ్లమ్మ దాని మొగం పట్టుకోని అట్ల తిప్పేది."

ఎస్తేరక్క బంతి సంగతి చెప్పింది. ఆ అలవాటు మాన్పిస్తే పిల్ల టీములో నిలుస్తుందనీ, చదువూ నిలుస్తుందనీ చెప్పింది. ఆయన ఉలి కింద పెట్టాడు.

"ఆడ కండ్లు తెరిసేది నేర్సుకోని ఈడికొస్తే ఎట్లమ్మా? రాయికి ఆట తెలీదు గదా."

ఒక తల్లి పదమూడేళ్లు కాపాడిన కళ్లను మేము పాయింట్ల కోసం తెరిపించబోతున్నాం. ఎస్తేరక్క పాకలో ఒక చుట్టు తిరిగింది. విగ్రహం ఎక్కడుంది, చెక్కులు ఎటు ఎగురుతున్నాయి, పిల్లలు ఎక్కడ కూర్చున్నారు, అన్నీ చూసింది. "నేను సెప్పేదేం లేదప్పా," అన్నది చివరికి. "నీ పాక నువ్వే రోంత సూడు." ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చింది. తాగి బస్సెక్కాం. సరే అని ఆయన అనలేదు, వద్దని కూడా అనలేదు.

వినాయక చవితికి ఇంటికి పోయిన ఈశ్వరి తిరిగి వస్తుందో రాదో అని నేను ఆ రెండు రోజులూ ఎవరికీ చెప్పకుండా గాబరా పడ్డాను. వచ్చింది. "మా నాయన పాకలో అడ్డంగా గోతంపట్టా కట్టినాడు టీచర్," అన్నది. "రాయి ఆపక్క, మేము ఈపక్క."

ఆ సాయంత్రమే పని మొదలుపెట్టాం. పరుపులు కుట్టే సాయబు దగ్గర పత్తి తెచ్చి, నా పాత చీర చించి, బంతి కుట్టాను. బడి విడిచాక ఈశ్వరి గోడకు ఆనుకుని నిలబడేది, నేను మెల్లగా ఆమె మొహం మీదికి ఆ పత్తి బంతి విసిరేదాన్ని. పిల్లలు నాకు పత్తి టీచరు అని పేరు పెట్టారు. మొదట్లో పత్తికి కూడా రెప్పలు పడేవి. ఎస్తేరక్క తిట్టలేదు, పొగడలేదు, పక్కన నిలబడి చూసేది. కొన్నాళ్లకు ఒకరోజు బంతి ఈశ్వరి ముక్కుకు తగిలి కింద పడింది. అది ఇంకా నేల మీద దొర్లుతుండగానే ఆమె మెల్లగా అన్నది. "టీచర్, మీ కుట్లు వంకరగా ఉండాయి."

ఎస్తేరక్క గోడకు చేరగిలబడి నవ్వింది. నేను ఏ పనీ వంకరగా చేసేదాన్ని కాదు. అయినా ఆ మాటకు నాకు కోపం రాలేదు. విసిరిన బంతి మీద కుట్లు కనపడాలంటే కళ్లు తెరిచే ఉండాలి.

సెప్టెంబరు పదిహేనున హెడ్‌మిస్ట్రెస్ గారు మైదానానికి వచ్చి నిలబడ్డారు. ఈశ్వరి పది బంతులకు అయిదు చెడగొట్టింది. నేను అయిదనే చెప్పాను. మీరు వేసిన లెక్కే నిజమైంది కదా అన్నారావిడ.

"లెక్క నిజమే మేడం," అన్నాను. "కానీ ఇంతకుముందు అన్నీ ఎడమకే తప్పేవి. ఇప్పుడు అన్ని పక్కలా తప్పుతున్నాయి."

అది మంచిదా చెడ్డదా అని ఆవిడ అడిగారు. మంచిదే అన్నాను. ఒకే పక్కకు తప్పుతున్నంతకాలం ఆ పిల్ల ఆట నేర్చుకోవడం లేదు, తనను తాను కాచుకుంటోంది. ఇప్పుడు తప్పేవి నేర్చుకునే పిల్లల తప్పులు. ఈ మాటలన్నీ నా నోటి నుంచి వస్తుంటే ఎస్తేరక్క ఆకాశం చూస్తూ కొంగు చివర విజిల్ తిప్పుకుంటూ ఉండింది. ఈశ్వరిని ఉంచారు. టోర్నమెంటులో రెండో మ్యాచికే ఓడిపోయాం, అందులో ఆమె చెడగొట్టిన బంతులూ ఉన్నాయి. కొందరు టీచర్లు నాకు వినపడేటట్టే మాట్లాడుకున్నారు. పదో తరగతికి వచ్చేసరికి ఆమె పదికి రెండు మించి తప్పేది కాదు. ఆ రెండు కూడా నేను రాశాను.

ఎస్తేరక్క రిటైరై గడివేముల వెళ్లిపోయింది. చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీదే ఉంది, కాన్వాసు బూట్లు మాత్రం మంచం కింద తెల్లగా ఉన్నాయి. డాక్టరు ఏమన్నాడని అడిగాను. "రోంత సూద్దాం అన్న్యాడు మే," అన్నది. "యాపక్క సూస్తాండాడో ఏమో." ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకు ఆమెకు దగ్గు వచ్చింది. ఆగడం ఎవరికైనా చేతనవుతుంది. ఆమె ఎవరి కోసమూ ఊరికే ఆగలేదు, నా కోసం కూడా. ఆ వారమంతా కిటికీ అవతల నిలబడి నన్ను చూసింది.

మొన్న గురువారం నేను ఆళ్లగడ్డ వెళ్లింది ఈశ్వరి ఫోను చేస్తే. ఆమె ఇప్పుడు అక్కడే డ్రిల్లు టీచరు. కణతల దగ్గర నెరిసింది. ఆమె టీములో ఒక లిఫ్టరు పిల్ల ఉంది, ఎంత నేర్పినా పట్టుబడటం లేదు, తీసేయమని అందరూ అంటున్నారు. "మీరొచ్చి లెక్క కట్టండి టీచర్. మీరు తీసేయమంటే తీసేస్తా," అన్నది ఫోనులో. నేను పోయేసరికి మైదానం చివర నీడలో కుర్చీ, బల్ల, కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. పిల్లలు వల దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ఒక సన్నటి పిల్ల నన్ను చూసి చెమట చేతులు గౌనుకు తుడుచుకుంది. ఆ పిల్లేనని ఎవరూ చెప్పనక్కరలేదు.

"ఏమంటారు టీచర్?"

"రోంత సూద్దాం," అన్నాను.

ఈశ్వరి నవ్వు ఆపుకుంటూ నా మొహంలోకి చూసింది. "ఆగేదా టీచర్, సూసేదా?"

పెన్ను బల్ల మీదే వదిలేశాను. కుర్చీ నేను ఎత్తలేను, ఈశ్వరే ఎత్తింది. ఎక్కడ పెట్టాలో ఆమె అడగలేదు. వల గుంజ పక్కన పెట్టింది. కూర్చున్నాను. విజిల్ మోగింది, బంతి పైకి లేచింది. నేను దాన్ని చూడలేదు.