తెల్లది ముట్టని మండలం

మా అత్తకు తెల్లరంగంటే పడదు. పెళ్ళయిన కొత్తలో ఆ సంగతి సరిగా తలకెక్కక, ఆమె ఇచ్చిన ఉబ్బసం మందు ఉండ మింగి పెరుగన్నం కలుపుకొని కూర్చున్నాను. చేతిలో గిన్నె లాక్కొని కుక్కకు పెట్టేసింది. "తెల్లది మందును తాగేస్తాదే! ఎన్నిసార్లు చెప్పేది నీకు?" అని వీధి దద్దరిల్లేలా కేకలు. ఆమె పత్యంలో అన్నం, పాలు, పెరుగు, కొబ్బరి, ఆఖరుకు ఉప్పు కూడా కూడదు. అన్నిటికంటే ముందు పత్తి ముట్టకూడదు. మాది కరిసలు మన్ను, నల్ల నేల. ఇంట్లో మనుషులకంటే పత్తికే చోటెక్కువ. ఆ పత్యం మండలం పొడుగునా, నలభై రోజులకు పైగా, నిలబెట్టడం ఎంతమందికి సాధ్యం? నిలబెట్టినవాళ్ళకు మాత్రం ఆయాసం తగ్గేది. తమిళసీమలో మా కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్ళనుంచి బళ్ళు కట్టుకొని వచ్చేవారు.

ఆమె ఎవరి దగ్గరా ఒక్క కానీ కూడా పుచ్చుకోదు. ఉండల్లో మిరియాలు, తాటిబెల్లం ఉంటాయని అందరికీ తెలుసు. అందులో కలిపే ఆకు ఏదో మాత్రం చెప్పదు. పేరు నోట్లోనుంచి బయటపడితే మందు సత్తువ పోతుందట. ఆమెకు వాళ్ళ అత్త పోతూపోతూ చెవిలో చెప్పింది, నాకు ఈమె పోతూపోతూ చెప్పాలి. అదీ మా ఇంటి ఏర్పాటు.

నాకు ఉబ్బసం పుట్టింట్లో లేదు. మావాళ్ళది చెరువు కింద వరి సేద్యం. మెట్టినింటికి వచ్చాక, పత్తి ఒలిచే రోజుల్లో పట్టుకుంది. కాయల్లోనుంచి పత్తి తీస్తూ కూర్చుంటే సాయంత్రానికి రొమ్ములో పిల్లి దూరినట్టు ఒకటే కూత. అత్త మందు మింగేదాన్ని. కానీ కోతలు మీద పడితే పత్యం ఎక్కడ నిలుస్తుంది? మళ్ళీ పత్తిలోనే కూర్చునేదాన్ని. బంధువులు గొణగడం మొదలుపెట్టారు, పత్తి ఒలవలేని కోడలు మనకెందుకు, పుట్టింటికి పంపెయ్యమని. అత్త వాళ్ళ మీద విరుచుకుపడింది. "నా మందు ఉండంగా నా కోడలు ఏల పోతాది?" అని. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తగ్గకపోతే నేను ఇల్లు వదలాలి, ఆమె మాట పోవాలి.

రాట్నం, ఖద్దరు మాటలు ఊరూరా వినపడుతున్న రోజులవి. విరుదునగర్‌లో కొందరు వర్తకులు, ఉద్యోగం విరమించిన ఒక డాక్టరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. బీదవాళ్ళను ఏళ్ళ తరబడి పీడించే రోగాలకు పల్లెల్లో వాడే మందుల్లో ఏది నిజంగా పనిచేస్తుందో పరీక్షించి, పనిచేసేది అందరికీ ఉచితంగా చెప్పాలని వాళ్ళ ఆశ. ఆ డాక్టరు ఒకరోజు మా ఊరొచ్చారు. మాలాగే ఆయన ఇంట్లోనూ తెలుగే. గడపలో నిలబడి, "అమ్మా, మీ మందు పేరు నాకొద్దు. దాని గుణం చూడనిస్తే చాలు" అన్నారు. అప్పటిదాకా ముఖం ముడుచుకున్న అత్త లోపలికి రమ్మంది.

ఆయన అడిగింది ఇది. ఉబ్బసం ఉన్న ఆడవాళ్ళను తమ ఊళ్ళో రెండిళ్ళలో ఉంచుతారు. ఒక ఇంటివాళ్ళకు మందూ పత్యమూ, రెండో ఇంటివాళ్ళకు పత్యం మాత్రమే. మండలం తర్వాత రెండిళ్ళనూ పోల్చి చూస్తారు. "సరి, చూసుకో డాక్టరయ్యా. మందు లేనోళ్ళు అట్నే కూస్తా ఉంటారు" అని అత్త నవ్వింది. నన్నూ తీసుకొని విరుదుపట్టికి బయల్దేరింది. ఆ ఊరి పాత పేరును ఆమె ఎప్పటికీ వదల్లేదు.

ఎవరు ఏ ఇంట్లో ఉండాలో తేల్చడానికి కుండలో చింతగింజలూ ఆముదం గింజలూ వేసి తీయించారు. నా చేతికి ఆముదం గింజ వచ్చింది. మందు లేని ఇల్లు. అత్త ముఖం పాలిపోయింది. "నా కోడలికి నా మందు లేదా?" అని డాక్టరు మీదికి లేచింది. ఆయన ఓపిగ్గా, గింజ మారిస్తే పరీక్ష చెడుతుందని చెప్పారు. మాట ఇచ్చిన మనిషి, పాపం, కూలబడిపోయింది. కోపం ఎటో తీర్చుకోవాలి కదా, ఆయన పంచె మీద పడింది. "ఆ తెల్ల పంచెతో నా రోగుల దగ్గరికి రావద్దు." మర్నాడు ఆయన పంచెకు కావిరంగు వేయించుకొని వచ్చారు. వీధిలో వాళ్ళు ఎవరో సాములారనుకొని దండాలు పెట్టారు.

ఉప్పులేని సజ్జసంగటి తిని తిని నాలుక చచ్చింది. ఒక మధ్యాహ్నం అత్త మందు లేని మా ఇంటి తిన్నె దగ్గరికి వచ్చింది. కొంగు ముడిలో ఉండ ఉంది. నేనప్పుడు జలుబు చేసి దగ్గుతున్నాను. ఆమె ముడి విప్పింది, మళ్ళీ కట్టింది, మళ్ళీ విప్పింది. "మాట ఇస్తిని కదే" అని, ఆ ఉండను తానే నోట్లో వేసుకొని మింగేసింది. మందును నేలపాలు చేయకూడదు మరి. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆమె నన్ను అంతగా ప్రేమిస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

మండలం గడిచింది. మందు మింగిన ఇంట్లో ఆయాసం తగ్గింది. మా ఇంట్లోనూ అంతే తగ్గింది. నేను మెట్లెక్కి దిగుతున్నాను, పాటలు కూడా పాడుతున్నాను. పత్యంలో ఏది పనిచేసిందో చూడటానికి డాక్టరు ఒక్కొక్కటే విడిపించారు. ముందు ఉప్పు తినమన్నారు, ఏమీ కాలేదు. అన్నం పెట్టారు, పెరుగు పోశారు, హాయిగా తిన్నాను. ఆఖరున నా ఎదుట ఒక తట్ట పత్తి పెట్టి ఒలవమన్నారు. పొద్దుగూకకముందే రొమ్ములో కూత మొదలైంది. అత్త పక్కనే కూర్చొని విన్నది.

ఆయన ఆమె ఎదుట నేలమీదే కూర్చున్నారు. "అమ్మా, మీ పత్యం ఇంతమందిని కాపాడింది. పత్తి నుసే ఈ రోగానికి మూలం. మీరు పత్తి ముట్టొద్దన్నారు కాబట్టే తగ్గింది" అన్నారు. ఆకు మాట ఎత్తలేదు. అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు నిజంగా మందు తాగలేదా పాపా?"

"లేదత్తా."

ఉండలు కట్టే తన అరచేతులు చూసుకుంది. తర్వాత డాక్టరుతో, "కుప్పింటాకు" అంది. "పెంటకుప్ప మీద మొలిచేది. పేరు చెప్తే సత్తువ పోతాదని దాచితిమి. ఇంక పోయేదానికి ఏముండాది?" ఆయన చేతులు జోడించారు. ఆయన కళ్ళలోనూ నీళ్ళున్నాయి. చెవిలో పడాల్సిన పేరు అట్లా నడివాకిట్లో వినాల్సి వచ్చినందుకు నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో నాకే తెలియదు.

కానీ ఖర్చు లేని వైద్యం దొరికిందని ఆ సంఘంవాళ్ళు సంబరపడలేకపోయారు. మాతో ఉన్న ఆడవాళ్ళంతా బాగై ఇళ్ళకు పోయారు. ఇళ్ళలో పత్తి కుప్పలు కాచుకొని ఉన్నాయి. పత్తి వదిలితే తినేదేమిటని వాళ్ళు బండెక్కుతూ డాక్టరునే అడిగారు.

ఆ ఏడు కోతలకు అత్త నన్ను వంటింట్లోకి నెట్టి తలుపు వేసింది. నా వంతు పత్తి తానే ఒలిచింది, ఆ వయసులో. బంధువులు మళ్ళీ నోరు తెరిస్తే, "నా కోడలి పని నేను చేస్తా ఉండా, మీకేమి?" అంది. ఆ తర్వాత ఎవరూ నన్ను పుట్టింటికి పంపమనలేదు. ఆమె మాత్రం ఆకు ఉండలు కట్టడం మానలేదు. అడిగినవాళ్ళకు ఇచ్చేది, పత్యం మాత్రం మునుపటికంటే గట్టిగా చెప్పేది.

వెంబకోట్టైనుంచి మందుకోసం వచ్చిన ఒకామె నన్ను చూసి, "నీకు రొంబ బాగైందంట కదా, ఎవరి వైద్దియం పాపా?" అని అడిగింది. అత్త అప్పుడే పత్తి కొట్టంలోనుంచి వచ్చి గడప బయట చీర దులుపుకుంటోంది. తలనిండా, కనుబొమల మీద కూడా తెల్లటి నుసి. మా వైపు చూడకుండా వింటోంది.

"మా అత్త వైద్దియమే" అన్నాను.

అత్త చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "నువ్వు లోపలికి పో," అంది నాతో, "నేనింకా దులుపుకోవాల."